కాళ్లకు నీరు ఎందుకు దిగుతుంది?

పాదాల్లో, చీలమండల దగ్గర చర్మం కింద నీరు చేరి ఉబ్బడాన్ని వైద్యులు ఎడీమా అంటారు. ఇళ్లలో దీన్నే ‘కాళ్లకు నీరు దిగింది’ అనీ, ‘కాళ్లు పొంగాయి’ అనీ చెప్పుకుంటారు. ఉదయం వదులుగా ఉన్న చెప్పు సాయంత్రానికి బిగుసుకుంటుంది. సాక్సు విప్పితే దాని అంచు ఉన్నచోట గాడి కనిపిస్తుంది. కాలి పట్టీ ఒత్తుకుని చర్మం మీద అచ్చు పడుతుంది. వాపు సంగతి చాలామందికి మొదట ఇలాగే తెలుస్తుంది.

వాపు దానంతట అది జబ్బు కాదు. జ్వరంలాగే అదీ ఒక లక్షణం. రోజంతా కౌంటరు దగ్గర నిలబడి పనిచేసే వ్యక్తికి వచ్చిన వాపు, బీపీ మాత్ర వల్ల వచ్చిన వాపు, గుండె బలహీనపడి వచ్చిన వాపు పైకి ఒకేలా ఉంటాయి. మొదటిదానికి కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే సరిపోతుంది. రెండోదానికి మాత్ర మార్చాలి. మూడోదానికి ఆలస్యం చేయకుండా వైద్యం మొదలుపెట్టాలి. కాబట్టి వాపును తగ్గించే ముందు నీరు ఎందుకు నిలిచిందో తేల్చుకోవాలి.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

రక్తం ప్రవహించే నాళాల్లో అతి సన్ననివి రక్తకేశనాళికలు. వాటి గోడల్లోంచి ఉప్పు, చక్కెర, ప్రాణవాయువు కలిసిన నీరు కణాల మధ్య ఖాళీల్లోకి ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. కణాలకు ఆహారం అందేది ఇలాగే. ఊరిన నీరంతా మళ్లీ రక్తంలో కలవాలి. ఈ రాకపోకల వెనకున్న సూత్రాన్ని ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో వివరించాడు. రక్తం ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది. రక్తంలోని ప్రొటీన్లు, ముఖ్యంగా అల్బుమిన్, నీటిని లోపల పట్టి ఉంచుతాయి. బయట మిగిలిపోయిన నీటిని శోషరస నాళాలు తోడుకుని, మెడ కింద ఉన్న పెద్ద సిరల్లో కలుపుతాయి.

డెల్టా రైతుకు ఇది తెలిసిన లెక్కే. పంట కాలువ నుంచి చేనుకు నీరు వస్తుంది, మిగిలింది మురుగు కాలువలోకి పోతుంది. పంట కాలువ పొంగినా చేను మునుగుతుంది, గట్టుకు గండిపడినా మునుగుతుంది, మురుగు కాలువ పూడినా మునుగుతుంది. కాలిలోనూ అంతే. సిరల్లో ఒత్తిడి పెరిగితే వాపు వస్తుంది. నీటిని పట్టి ఉంచే అల్బుమిన్ తగ్గితే వస్తుంది. దెబ్బ వల్లో, చీము వల్లో నాళాల గోడలు పలచబడి కారితే వస్తుంది. శోషరస నాళాలు మూసుకుపోయినా వస్తుంది. కాళ్ల వాపుకు ఎన్ని కారణాలు చెప్పినా అవి చాలావరకు ఈ నాలుగింటిలోనే ఇముడుతాయి.

నీరు పల్లానికి పోతుంది కనుక వాపు ముందుగా పాదాల్లో కనిపిస్తుంది. మంచం పట్టిన మనిషికి మాత్రం పల్లం నడుము కింది భాగమే. అలాంటివారి పాదాలు మామూలుగా ఉండి, వీపు అడుగున, తొడల వెనక నీరు చేరుతుంది. ఒళ్లంతా నీరు పట్టే జబ్బుల్లో రెండున్నర, మూడు లీటర్ల నీరు అదనంగా చేరేదాకా పాదాల్లో వాపు స్పష్టంగా కనిపించకపోవచ్చు. కంటికి కనిపించేలోపే తూకంలో రెండు మూడు కిలోలు పెరుగుతాయన్నమాట. గుండె జబ్బున్నవారిని రోజూ బరువు చూసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

పిక్క చేసే పని

గుండె నుంచి కాలికి రక్తం దిగడం తేలిక, తిరిగి ఎక్కడమే కష్టం. కదలకుండా నిలబడి ఉన్న మనిషి చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడక మొదలుపెడితే అది 30కి, అంతకన్నా కిందికి పడిపోతుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది. సిరల్లో ఉన్న చిన్న కవాటాలు పైకి వెళ్లిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. వైద్యులు పిక్కను రెండో గుండె అనేది ఈ పనిని చూసే.

నిలబడి పనిచేసేవారికి ఈ పంపు ఆగిపోతుంది. ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, ఉపాధ్యాయులు, వంటవాళ్లు, బట్టల దుకాణాల్లో అమ్మకాలు చూసే ఆడవాళ్లు సాయంత్రానికి కాళ్లు బరువెక్కాయని చెప్పేది ఇందువల్లే. దుకాణాల్లో పనిచేసే మహిళల ఆందోళన తర్వాత కేరళ ప్రభుత్వం 2018లో చట్టాన్ని సవరించి, ఉద్యోగులకు కూర్చునే హక్కు కల్పించింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఏళ్ల తరబడి ఒత్తిడి తగిలితే కవాటాలు వదులవుతాయి. సిరలు మెలికలు తిరిగి నీలంగా తేలతాయి. వీటినే వేరికోస్ వెయిన్స్ అంటారు. అలాగే వదిలేస్తే చీలమండ లోపలి వైపు చర్మం గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి, చిన్న దెబ్బకే మానని పుండు పడుతుంది.

కూర్చుని ఉన్నా కాళ్లు కిందికి వేలాడుతుంటే పంపు పనిచేయదు. మోకాళ్ల నొప్పులతో పొద్దస్తమానం కుర్చీకే అతుక్కుపోయే వృద్ధుల కాళ్లు ఏ జబ్బూ లేకపోయినా ఉబ్బుతాయి. రాత్రి పడుకుంటే వాపు తగ్గి, మర్నాడు మళ్లీ వస్తుంది. ఎండాకాలంలో ఒంటి వేడిని తగ్గించడానికి చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి కనుక అప్పుడు వాపు ఇంకొంచెం ఎక్కువవుతుంది.

దూరప్రయాణాల్లోనూ ఇంతే. హైదరాబాదులో ఎక్కి, మధ్యలో విమానం మారి, అమెరికాలో పిల్లల దగ్గరికి చేరే తల్లిదండ్రులకు దిగేసరికి బూట్లు పట్టవు. ఆ వాపు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అయితే నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. రెట్టింపైనా అది సుమారు 6,000 మందిలో ఒకరికి వచ్చే ముప్పే. భయపడనక్కర్లేదు గానీ గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, కూర్చున్నచోటే మడమలు పైకెత్తి దించడం మంచిది.

బొటనవేలితో పరీక్ష

డాక్టరు కాళ్ల వాపును చూసే తీరు చాలా సులువుగా ఉంటుంది. చీలమండ లోపలి ఎముక వెనక గానీ, ముంగాలి ఎముక మీద గానీ బొటనవేలితో కొన్ని సెకన్లు మెల్లగా నొక్కి తీస్తారు. నీరు పక్కకు తప్పుకుని అక్కడ గుంట పడుతుంది. గుంట లోతు 2 మిల్లీమీటర్లుంటే మొదటి దశ, 4 ఉంటే రెండు, 6 ఉంటే మూడు, 8 ఉంటే నాలుగు అని లెక్కకడతారు. గుండె, మూత్రపిండాలు, కాలేయం, సిరల వల్ల వచ్చే వాపులో ఇలా గుంట పడుతుంది.

నొక్కినా గుంట పడకపోతే కారణం మరోచోట ఉంటుంది. థైరాయిడ్ బాగా తగ్గినవారిలో చర్మం కింద నీటిని పట్టుకునే జిగురు పదార్థం చేరుతుంది కనుక వాపు గట్టిగా, మైనంలా ఉంటుంది. శోషరస నాళాలు చెడిపోయి చాలాకాలమైనా కాలు బిరుసెక్కి గుంట పడదు. దాన్ని గుర్తించడానికి మరో పరీక్ష ఉంది. కాలి రెండో వేలి మొదట్లో, అంటే పెళ్లైన ఆడవాళ్లు మట్టె పెట్టుకునే చోట, పైచర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తాలి. మామూలు కాలికి అక్కడి చర్మం మడతగా పైకి లేస్తుంది. శోషరసం నిలిచిన కాలికి చర్మం దళసరెక్కి, ఎంత ప్రయత్నించినా పట్టుకు రాదు.

వేలితో చేసే పరీక్షతో పాటు డాక్టరు కొన్ని ప్రశ్నలు వేస్తారు. వాపు ఒక కాలికా, రెండింటికా? రాత్రికి రాత్రి వచ్చిందా, నెలల తరబడి పెరిగిందా? పడుకుని లేస్తే తగ్గుతోందా? నొప్పి, వేడి, ఎరుపు ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నారు? సగం రోగనిర్ధారణ ఈ జవాబుల్లోనే ఉంటుంది.

రెండు కాళ్లూ ఉబ్బితే

రెండు కాళ్లూ సమానంగా ఉబ్బితే చూపు కాళ్ల మీద నుంచి ఒంటి లోపలి అవయవాల మీదికి మళ్లాలి. గుండె పంపు బలహీనపడితే సిరల్లో రక్తం వెనక్కి నిలుస్తుంది. అంతకంటే పెద్ద మార్పు మూత్రపిండాల్లో జరుగుతుంది. వాటికి చేరే రక్తం తగ్గడంతో ఒంట్లో నీళ్లు చాలడం లేదని పొరబడి అవి ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వవు. అలాంటివారికి వాపుతో పాటు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వెల్లకిలా పడుకోలేక రెండు మూడు దిళ్లు పెట్టుకుంటారు. అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటారు. ఈ గుర్తులు తోడైతే ఆ వాపును గుండెకు సంబంధించినదిగానే భావించి పరీక్ష చేయించాలి.

మూత్రపిండాల జబ్బు వేరే తీరులో బయటపడుతుంది. మూత్రపిండంలోని జల్లెడ చెడితే అల్బుమిన్ మూత్రంలో కొట్టుకుపోతుంది. రక్తంలో డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు ఉండాల్సిన అల్బుమిన్ పడిపోయి, నీరు ఒంట్లోకి జారుతుంది. పెద్దవాళ్లలో రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీను పోతుంటే దాన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు, మూత్రంలో సబ్బు నురగ లాంటి నురగ దీని గుర్తులు. చిన్నపిల్లల్లో వస్తే నిద్ర ఎక్కువై మొహం ఉబ్బిందని పెద్దవాళ్లు సరిపెట్టుకుంటుంటారు. పిల్లల్లో ఎక్కువ కేసులు స్టెరాయిడ్ మందులకు లొంగేవే కనుక త్వరగా గుర్తిస్తే మేలు.

అయితే కాళ్లు ఉబ్బలేదు కనుక మూత్రపిండాలు బాగున్నాయని అనుకోకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం లాంటి మండలాల్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. అందువల్ల వాపు ఆలస్యంగా, జబ్బు బాగా ముదిరాక కనిపిస్తుంది. అక్కడ పైకి బాగున్నవారికీ రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయాల్సి వస్తున్నది ఇందుకే.

అల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం. మద్యం వల్లో, హెపటైటిస్ వల్లో కాలేయం గట్టిపడితే ఆ తయారీ తగ్గుతుంది, పొట్టలోని సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఇలాంటివారికి తరచూ ముందు పొట్టలో నీరు చేరి, తర్వాత కాళ్లకు దిగుతుంది. కళ్లు పచ్చబడటం, చేతులు సన్నబడి పొట్ట మాత్రం ముందుకు రావడం తోడుగా కనిపిస్తాయి.

ఒకప్పుడు ఈ మూడు జబ్బులకూ కలిపి ఒకే పేరుండేది. ఒంటికి నీరు పట్టడమే జబ్బనుకునేవారు. దాన్ని విడదీయడానికి చాలాకాలం పట్టింది. విలియం విథరింగ్ అనే ఇంగ్లిష్ డాక్టరు ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకు నీరు పట్టిన రోగుల్లో కొందరికి బాగా పనిచేస్తోందని 1785లో పుస్తకం రాశాడు. ఆ కొందరు ఎక్కువగా గుండె జబ్బువాళ్లు. ఆ మొక్కల జాతి నుంచి వచ్చిన డిగాక్సిన్‌ను ఇప్పటికీ గుండెకు వాడుతున్నారు. 1827లో లండన్ గైస్ ఆసుపత్రి డాక్టరు రిచర్డ్ బ్రైట్ మరో సంగతి కనిపెట్టాడు. నీరు పట్టిన రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద పెడితే కొందరిది గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. అలాంటివారు చనిపోయాక కోసి చూస్తే మూత్రపిండాలు చెడిపోయి ఉండేవి. ఇప్పుడు ఆసుపత్రుల్లో చేసే మూత్రంలో అల్బుమిన్ పరీక్షకు మూలం ఆ చెంచాయే.

వాపును చూసి బలుపనుకుంటే

తిండిలో ప్రొటీను, ఇతర పోషకాలు చాలకపోయినా కాళ్లు ఉబ్బుతాయి. పసిపిల్లల్లో దీన్ని క్వాషియోర్కర్ అంటారు. బిడ్డ బుగ్గలు ఉబ్బి, కాళ్లు నున్నగా, బొద్దుగా కనిపిస్తాయి. వాపును చూసి బలుపనుకోవడమనే తెలుగు సామెత ఈ జబ్బుకు అక్షరాలా సరిపోతుంది. ఒంట్లో చేరిన నీరు బరువు పెంచుతుంది కనుక తూకం కూడా మోసం చేస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ నాయకత్వాన ఈ జబ్బు మీద పేరున్న పరిశోధనలు జరిగాయి. పిల్లల రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కినప్పుడు గుంటలు పడితే, బరువు ఎంతున్నా తీవ్ర పోషకాహార లోపంగానే లెక్కించి ఆసుపత్రికి పంపాలన్నది ఇప్పటి నియమం.

తెలుగు తీరానికి సంబంధించిన పాత జబ్బు మరొకటుంది. బియ్యాన్ని బాగా పాలిష్ చేసి తినేచోట థయామిన్ అనే బి1 విటమిన్ లోపించి బెరిబెరి వస్తుంది. అందులో ఒక రకం గుండెను దెబ్బతీసి కాళ్లను ఉబ్బిస్తుంది. ఉత్తర సర్కారుల్లో, అంటే నేటి కోస్తాలో, ఈ జబ్బును గమనించిన మద్రాసు సైనిక వైద్యుడు మాల్కంసన్ 1835లో దీని మీద ఒక గ్రంథమే ప్రచురించాడు. ఇప్పుడు అది అరుదు. తిండి మానేసి మద్యం మీదే బతికేవారిలో మాత్రం అప్పుడప్పుడూ కనిపిస్తుంది. తీవ్రమైన రక్తహీనతలో కూడా కాళ్లకు నీరు దిగుతుంది.

మాత్రల వల్ల

కాళ్లు ఉబ్బిన మనిషి మందుల డబ్బాను ముందు వెతకాలి. బీపీకి విరివిగా వాడే ఆమ్లోడిపిన్ వల్ల చీలమండలు ఉబ్బడం మామూలే. మోతాదు పెరిగే కొద్దీ ఈ వాపు పెరుగుతుంది. రక్తనాళాలు విప్పారడం వల్ల వచ్చేది కనుక దీనికి నీరు తీసే మాత్రలు పెద్దగా పనిచేయవు. మోతాదు తగ్గించినా, మందు మార్చినా పోతుంది. అది డాక్టరు చేయాల్సిన పని. సొంతంగా బీపీ మాత్ర ఆపేస్తే పక్షవాతం దాకా వెళ్లవచ్చు.

మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మూత్రపిండాల్లో ఉప్పును నిలబెడతాయి. స్టెరాయిడ్లు, షుగరుకు వాడే పయోగ్లిటజోన్, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కూడా వాపు తెస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకునే మాత్రలన్నిటి అట్టలూ, పేరులేని పొడుల పొట్లాలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లడం మంచి అలవాటు.

గర్భిణుల్లో

గర్భం వచ్చాక ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. పెరిగే గర్భసంచి పెద్ద సిరను ఒత్తుతుంది. నెలలు నిండే కొద్దీ సాయంత్రాలు పాదాలు ఉబ్బడం చాలామందికి సహజమే. ఎడమవైపు తిరిగి పడుకుంటే కొంత తగ్గుతుంది. అయితే 20 వారాలు దాటాక బీపీ 140/90 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, మొహం, చేతులు హఠాత్తుగా ఉబ్బి, తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే అది ప్రీఎక్లాంప్సియా కావచ్చు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. పల్లెల్లో గుర్రపువాతం అనేది దీన్నే. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కనుక ప్రతి చెకప్‌లో బీపీ, మూత్రం తప్పక చూపించుకోవాలి.

ఒక కాలే ఉబ్బితే

ఒక కాలే ఉబ్బితే తప్పు చాలావరకు ఆ కాలిలోనే ఉంటుంది. అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం. పిక్క ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుని నొప్పి పుడుతుంది. ఆపరేషన్ తర్వాత మంచం మీద ఉన్నవారికి, తుంటి ఎముక విరిగినవారికి, బాలింతలకు, క్యాన్సర్ రోగులకు ఈ ముప్పు ఎక్కువ. మన ఇళ్లలో కాలు నొప్పంటే వెంటనే నూనె రాసి మర్దన చేస్తారు. ఇలాంటి కాలికి మర్దన చేయకూడదు. గడ్డ ముక్క విడిపోయి రక్తంతో పాటు ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు.

కాలు ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే చర్మం కింద ఇన్ఫెక్షన్‌గా భావించాలి. సూక్ష్మజీవులకు దారి చాలాసార్లు వేళ్ల సందుల్లో దొరుకుతుంది. వరి మళ్లలో నానే కాళ్లకు, రోజంతా బూట్లలో చెమర్చే కాళ్లకు వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని పగులుతుంది. ఇన్ఫెక్షన్ చుట్టూ పాకకముందే యాంటీబయోటిక్ వాడితే తగ్గిపోతుంది.

షుగరు రోగులకు మరో ప్రమాదం ఉంది. నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు విరిగి కీళ్లు చెదిరినా నొప్పి తెలియదు. పాదం ఎర్రగా ఉబ్బి, రెండోదానికన్నా వేడిగా ఉంటుంది. నొప్పి లేదు కదా అని నడుస్తూ పోతే పాదం ఆకారమే మారిపోతుంది. దీన్ని షార్కో పాదం అంటారు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా. పాదం మీద బరువు పడకుండా పిండికట్టు వేసి ఉంచడమే ముఖ్యమైన వైద్యం.

తెలుగు నేలకు అన్నిటికన్నా పరిచయమైన ఒంటికాలి వాపు బోదకాలు. గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర తీరం, తెలంగాణలో పాత నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాలు దీన్ని ఏళ్ల తరబడి చూశాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు దారం లాంటి ఫైలేరియా పురుగు పిల్లలు ఒంట్లో చేరతాయి. అవి శోషరస నాళాల్లో పెరిగి, ఏళ్ల తరబడి బతికి, నాళాలను చెడగొడతాయి. చిన్నప్పుడు సోకిన జబ్బు పెద్దయ్యాక గానీ కాలిలో కనిపించదు. మధ్యమధ్యలో చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం, కాలు మంటెత్తడం జరుగుతుంటాయి. ప్రతి పోటుకూ వాపు ఒక మెట్టు పెరిగి, చివరికి చర్మం ఏనుగు తోలులా అవుతుంది. పురుగు పిల్లలు రక్తంలోకి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి కనుక రక్త నమూనాలు కూడా రాత్రే తీస్తారు.

దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో అర్హులందరికీ ఏటా ఒకసారి డీఈసీ మాత్రలు మింగిస్తున్నారు. తర్వాత వాటికి ఆల్బెండజోల్ తోడైంది. కొన్నిచోట్ల ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతున్నారు. ఈ మాత్రలు జబ్బు ఇతరులకు పాకకుండా ఆపుతాయి. ఉబ్బిపోయిన కాలు మాత్రం వాటితో మామూలుగా మారదు. 2027 నాటికి జబ్బును తుడిచిపెట్టాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. కాలు ఉబ్బినవారికి అన్నిటికన్నా మేలు చేసేది సబ్బు, నీళ్లు. రోజూ రెండుపూటలా కాలు కడిగి, మెత్తని గుడ్డతో వేళ్ల సందులు తడిలేకుండా ఒత్తి, పగుళ్లకు మందు రాసి, కాలు ఎత్తులో పెట్టుకుంటే జ్వరం పోట్లు తగ్గుతాయి, వాపు పెరగడం ఆగుతుంది. తెలంగాణలో బోదకాలు బాధితులను ఆసరా పింఛన్ల జాబితాలో చేర్చారు.

ఏ పరీక్షలు?

రెండు కాళ్ల వాపుకు సాధారణంగా బీపీ, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఈసీజీ, అవసరాన్ని బట్టి గుండెకు ఎకో చేస్తారు. మొదటి కొన్ని పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయించుకోవచ్చు. ఒంటికాలి వాపులో గడ్డ అనుమానం ఉంటే డాప్లర్ స్కాన్ చేస్తారు. అన్ని పరీక్షలూ అందరికీ అక్కర్లేదు. ఏది కావాలో పైన చెప్పిన ప్రశ్నలే తేలుస్తాయి.

ఇంట్లో చేసుకోదగినవి

నిలబడటం వల్ల, కూర్చోవడం వల్ల వచ్చే వాపుకు మొదటి మందు ఎత్తు. వెల్లకిలా పడుకుని పాదాల కింద రెండు దిళ్లు పెట్టి, గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట నుంచి అరగంట చాలు. ఆయాసం ఉన్నవారు మాత్రం ఇలా పడుకోకూడదు. నడక, మడమలు ఎత్తి దించడం పిక్కకు పని కల్పిస్తాయి. బిగుతు సాక్సులు వేరికోస్ సిరలున్నవారికి మేలు చేస్తాయి. పొద్దున వాపు రాకముందే తొడుక్కోవాలి. కాలికి మంచి రక్తం సరిగా అందనివారు, ముఖ్యంగా పొగతాగేవారు, షుగరున్నవారు, డాక్టరు చూసి సరేనన్నాకే వాడాలి.

ఉప్పు విషయం అర్థం కావాలంటే ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా చూస్తే చాలు. లీటరు సెలైన్‌లో ఉండే ఉప్పు 9 గ్రాములు. ఒంట్లో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిస్తే దానికి తోడు దాదాపు ఒక లీటరు నీరు నిలుస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ స్పూనుకు మించకుండా ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో తగ్గించినా ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప పళ్లెంలో ఉంటే లెక్క తప్పుతుంది.

కాళ్లకు నీరు దిగితే బార్లీ నీళ్లు తాగడం, గలిజేరు ఆకు పప్పులో వండుకోవడం తెలుగిళ్లలో అలవాటు. ఆయుర్వేదంలో పునర్నవ అనే ఈ గలిజేరుకు నీరు తీసే మందుగా పేరుంది. మామూలు మనిషి కూరగా తింటే ఇబ్బంది లేదు. మూత్రపిండాల జబ్బున్నవారికి నీళ్లెన్ని తాగాలి, ఏ ఆకుకూర తినాలి అన్నదానికి కొలత ఉంటుంది కనుక వాళ్లు డాక్టరును అడగాలి. పక్కింటివారికి రాసిచ్చిన నీరు తీసే మాత్ర తెచ్చి వేసుకోవడం ఇంకా ప్రమాదం. ఫ్యూరోసిమైడ్ లాంటి మాత్రలు నీటితో పాటు పొటాషియాన్నీ సోడియాన్నీ తోడేస్తాయి. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె లయ తప్పడం జరగవచ్చు. పైగా వాపు తగ్గి, అసలు జబ్బు మరుగున పడుతుంది.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

వాపుతో పాటు ఆయాసం, గుండెలో నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఒక కాలు ఉన్నట్టుండి ఉబ్బి నొప్పి పెట్టినా, జ్వరంతో కాలు ఎర్రబడినా, షుగరు రోగి పాదం వేడెక్కి ఉబ్బినా, గర్భిణికి మొహం ఉబ్బి తలనొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గుండె జబ్బున్నవారికి మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకు చెప్పాలి. ఏ ఇబ్బందీ లేకుండా సాయంత్రాలు వచ్చి రాత్రికి తగ్గే వాపైనా, వారం రోజులు పట్టి ఉంటే ఒకసారి చూపించుకోవడం మేలు. చాలావరకు దానికి కావలసింది బొటనవేలితో ఒక నొక్కు, బీపీ కొలత, ఒక సీసాడు మూత్రం.